రన్నర్‌ని కొనాలా, గార్డ్‌ని కొనాలా? పరుగు ఆట బాగుపడాలంటే ఏ ట్రేడ్ మేలు

అక్టోబర్ వచ్చిందంటే డాలస్ పక్కన మా ఫ్రిస్కోలో ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఒకేలా గడుస్తాయి. ఎవరో ఒకరి ఇంట్లో టీవీ ముందు పదిమందిమి, మధ్యలో మిరపకాయ బజ్జీలు, తెర మీద అమెరికన్ ఫుట్‌బాల్, మా డాలస్ జట్టు కౌబాయ్స్. థర్డ్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఒక్క యార్డ్ కావాలి. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నర్ (రన్నింగ్ బ్యాక్) చేతికిచ్చారు. అతను రెండడుగులు వేశాడో లేదో మనుషుల కుప్ప కింద మాయమయ్యాడు. యార్డ్ రాలేదు సరికదా, అర యార్డ్ వెనక్కి పోయింది. వెంటనే సోఫాలోంచి ఒక గొంతు: "అన్నా, మంచి రన్నర్‌ని ఒకణ్ణి కొనిపడేస్తే పోలా?"

కొనొచ్చు. కానీ పరుగు ఆట నడవని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు ముందు ఉండేది ఆ ఒక్క దారే కాదు. పేరున్న రన్నింగ్ బ్యాక్‌ని పెద్ద ధరకు తెచ్చుకోవచ్చు. ఎక్కడో మూలపడ్డ రన్నర్‌ని చౌకగా పట్టుకోవచ్చు. రన్నర్ జోలికే పోకుండా, అతని ముందు నిలబడి దారి తెరిచే లైన్‌మన్‌ని (మధ్యలో సెంటర్, అతని పక్కన గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు) తెచ్చుకోవచ్చు. ట్రేడే (జట్ల మధ్య మార్పిడే) మానేసి, ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు మార్కెట్లోకి వచ్చే మార్చి దాకా ఆగొచ్చు. నా ఓటు ఇప్పుడే చెప్పేస్తాను: పదింట ఏడుసార్లు లైన్‌మన్‌కే. మిగతా మూడుసార్లు ఎప్పుడు, ఎందుకు అన్నది కాస్త వివరంగా చూద్దాం.

ముందు, పరుగు ఎక్కడ చచ్చిపోతోంది?

ధర, వయసు, ఒప్పందం అన్నీ దీని తరవాతే. మీ జట్టు ఆడిన రెండు మ్యాచ్‌లు తీసుకోండి. పరుగు ఆటలు ఓ ఇరవై వెనక్కి తిప్పి చూడండి. బంతి అందుకున్నాక రన్నర్ ఒంటి మీద అవతలి వాడి మొదటి చెయ్యి ఎక్కడ పడిందో కాగితం మీద టిక్కు పెట్టుకోండి. స్క్రిమ్మేజ్ లైన్ (ఆట మొదలయ్యే గీత) వెనకా, లైన్ మీదా, దాటి రెండుమూడు యార్డులు పోయాకా? గంట పని. టీవీలో నిపుణులు వారమంతా చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఒక ఆటని అలా నెమ్మదిగా చూసిన గుర్తు. బంతి కదలగానే ఎదురుగా ఉన్న అవతలి జట్టు నోస్ టాకిల్ రెండు చేతులూ సెంటర్ గుండెల మీద వేశాడు. సెంటర్ మడమలు వెనక్కి జారడం మొదలైంది: ఒక అడుగు, రెండడుగులు. కుడి గార్డ్ ఎడమ వైపు పరుగెత్తి అక్కడి లైన్‌బ్యాకర్‌ని (అవతలి జట్టు రెండో వరుస డిఫెండర్‌ని) అడ్డుకోవాలి. అతని దారిలోకే సెంటర్ వెనక్కి వచ్చి పడ్డాడు. ఇద్దరి కాళ్లూ చిక్కుకున్నాయి. లైన్‌బ్యాకర్‌ని ముట్టుకున్న నాథుడే లేడు. రన్నర్‌కి బంతి అందేసరికి ముందర గోడ, పక్కన శత్రువు. అందులో అతని తప్పు గోరంత లేదు. మర్నాడు స్కోరు షీట్‌లో మాత్రం మైనస్ ఒకటి అతని పేరు మీదే ఉంటుంది.

టిక్కుల్లో ఎక్కువ భాగం లైన్ వెనకా, లైన్ మీదా పడితే జబ్బు లైన్‌మన్ల వరుసది, అంటే లైన్‌ది. దారి ఉండీ, మొదటి చెయ్యి తగలగానే రన్నర్ కూలిపోతుంటే జబ్బు రన్నర్‌ది. మూడోది జనం తరచూ మరిచిపోయేది: బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పాసింగ్ అంటే ఎవరికీ భయం లేనప్పుడు అవతలి జట్టు ఎనిమిది మందిని ముందుకు తెచ్చి కూర్చోబెడుతుంది. ఐదారుగురు అడ్డుకునేవాళ్లు ఎనిమిది మందిని ఎలా ఆపుతారు? ఆ జబ్బుకి రన్నింగ్ బ్యాక్ మార్కెట్లో మందు లేదు. దీనికి తిరగేసిన ఉదాహరణ రన్నర్ డెరిక్ హెన్రీ. టెనెసీలో 2023లో అతని సగటు పరుగుకి 4.2 యార్డులు. 2024లో బాల్టిమోర్ వెళ్లాడు, అప్పటికి ముప్ఫై ఏళ్లు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ బంతి ఇచ్చాడో తానే పట్టుకుని పరుగెడతాడో తెలియక అవతలి డిఫెన్స్ అర సెకను ఆగుతుంది. ఆ అర సెకనులో హెన్రీ సగటు 5.9కి వెళ్లింది, మొత్తం 1,921 యార్డులు.

ఇంకో రన్నర్ సేక్వాన్ బార్క్లీ కథ ఇంకా స్పష్టం. న్యూయార్క్ జెయింట్స్‌తో 2023లో సగటు 3.9. ఫిలడెల్ఫియా ఈగిల్స్ లైన్ వెనక 2024లో 5.8, మొత్తం 2,005 యార్డులు. 2025లో ఆ లైన్ గాయాల పాలైంది, సగటు మళ్ళీ నాలుగు చుట్టుపక్కలకే దిగింది. మూడేళ్లూ కాళ్లు అవే.

ఆ తరవాత చూడాల్సినవి

ధర డ్రాఫ్ట్ పిక్కుల్లో, అంటే ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతుల్లో, ఉంటుంది. డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు. మొదటి రెండు రౌండ్ల పిక్కు అంటే నాలుగేళ్ల పాటు తక్కువ జీతానికి పనిచేసే మొదటి వరుస ఆటగాడు దొరికే అవకాశం, అది ఊరికే ఇచ్చేసేది కాదు. ఆరు, ఏడు రౌండ్లవి లాటరీ టికెట్లు, ఇవ్వడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఒక్కో జట్టు మొత్తం జీతాలకుండే పరిమితి సంగతి కొంచెం తిరకాసు. ఆటగాణ్ణి ట్రేడ్ చేస్తే అతనికి ముందే ఇచ్చిన బోనస్ భారం పాత జట్టు లెక్కలోనే మిగిలిపోతుంది. కొత్త జట్టు మిగిలిన జీతం మాత్రమే మోస్తుంది. అందుకే కొన్నిసార్లు పెద్ద పేరు కూడా ఆ ఏడాదికి చవగ్గా వస్తుంది. తరవాతి ఏడాది బిల్లు వేరే కథ.

వయసు రన్నింగ్ బ్యాక్‌కి ఇరవై ఏడు దాటాక బరువవుతుంది. లైన్‌మన్‌కి అలా కాదు, ముప్ఫై మూడులోనూ బాగా ఆడేవాళ్లు బోలెడు మంది.

సమయం విషయంలో మాత్రం రన్నర్‌దే పైచేయి. గురువారం వచ్చి ఆదివారం ఆడగలడు. గార్డ్ అలా కాదు. పక్కనున్న సెంటర్‌తో కలిసి ఒక్క మనిషిలా కదలాలి, సైగలు నేర్చుకోవాలి, ఎవరిని ఎప్పుడు వదలాలో తెలియాలి. దానికి వారాలు పడుతుంది. 2024 నుంచి ట్రేడ్ గడువు తొమ్మిదో వారం తరవాతి మంగళవారం. అప్పుడు లైన్‌మన్‌ని కొంటే అతను కుదురుకునేసరికి డిసెంబర్ వస్తుంది. అంటే గడువు రోజున లైన్ కోసం వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

| దారి | ఖర్చు | ఫలితం ఎప్పుడు | ఎక్కడ దెబ్బ తగులుతుంది |
|---|---|---|---|
| పేరున్న రన్నర్ | రెండో రౌండ్, అంతకు మించి | ఒకటి రెండు వారాల్లో | గాయం, వయసు, పోయిన పిక్కులు |
| మూలపడ్డ రన్నర్ | నాలుగు నుంచి ఏడో రౌండ్ | నెల, లేదా ఎప్పటికీ రాదు | అసలు పనికిరాకపోవచ్చు |
| లైన్‌మన్ | మూడు నుంచి ఆరో రౌండ్ | నెలన్నర. వేసవిలో కొంటే మొదటి వారం నుంచే | తరవాతి ఒప్పందం ఖరీదు |
| ఆగడం | పిక్కులేమీ పోవు | వచ్చే సీజన్ | ఈ ఏడాది పోయినట్టే |

పేరున్న రన్నర్: మెక్‌కాఫ్రీ ఒకడు, రిచర్డ్‌సన్ ఒకడు

ఈ దారి సరిగ్గా పండిన సందర్భం 2022 అక్టోబర్ 20. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ కరోలినాకి 2023 రెండు, మూడు, నాలుగు రౌండ్ల పిక్కులూ, 2024 ఐదో రౌండ్ పిక్కూ ఇచ్చి క్రిస్టియన్ మెక్‌కాఫ్రీని తెచ్చుకుంది. గురువారం రాత్రి ట్రేడ్, ఆదివారం మైదానంలో ఉన్నాడు. ఆ మ్యాచ్ ఓడిపోయి జట్టు మూడు గెలుపులు, నాలుగు ఓటముల దగ్గర నిలిచింది. ఆ తరవాతి వారం రామ్స్ మీద అతనే ఒక టచ్‌డౌన్ పరుగెత్తాడు, ఒకటి పట్టాడు, ఒకటి విసిరాడు. అక్కడి నుంచి రెగ్యులర్ సీజన్ చివరిదాకా వరుసగా పది గెలుపులు. 2023లో 1,459 యార్డులతో లీగ్‌లో మొదటి స్థానం.

జనం ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. కింద ఏముందో చూడాలి. అప్పటికే ఆ జట్టు ఎడమ టాకిల్ ట్రెంట్ విలియమ్స్. టైట్ ఎండ్ జార్జ్ కిటిల్ టాకిల్‌లా అడ్డుకుంటాడు. ఫుల్‌బ్యాక్ కైల్ యూస్‌చెక్ ఉన్నాడు. దారి తెరిచే మనుషులందరూ ఉండి, రన్నర్ ఇలైజా మిచెల్ మొదటి వారంలోనే మోకాలి గాయంతో కూర్చున్నాడు. లేనిదల్లా రన్నరే. పైగా పాత జట్టే బోనస్ భారం మోయడంతో ఆ ఏడాదికి మెక్‌కాఫ్రీ జీతం వాళ్లకి పది లక్షల డాలర్ల లోపే పడింది.

నష్టం లేదనుకోకండి. అంతకుముందే క్వార్టర్‌బ్యాక్ కోసం మొదటి రౌండ్ పిక్కులు ఖర్చు చేసి ఉండటంతో 2023 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ చివరిదాకా వాళ్లు ఎవరినీ తీసుకోలేకపోయారు. 2024లో మెక్‌కాఫ్రీ గాయాలతో నాలుగు మ్యాచ్‌లే ఆడాడు. అయినా ఒక సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్లారు కాబట్టి నేనైతే లాభమనే అంటాను.

ఇప్పుడు 2013 సెప్టెంబర్. ఇండియానాపోలిస్ కోల్ట్స్ తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్కు ఇచ్చి క్లీవ్‌లాండ్ నుంచి ట్రెంట్ రిచర్డ్‌సన్‌ని తెచ్చుకుంది. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా ఎంపికైన కుర్రాడు, మొదటి సీజన్‌లో 950 యార్డులు. అందరూ ఆ 950ని చూశారు. పక్కనే ఉన్న 3.6 సగటుని ఎవరూ పట్టించుకోలేదు. కోల్ట్స్‌తో ఆ ఏడాది 157 పరుగుల్లో 458 యార్డులు, సగటు 2.9. లైన్ బాగాలేదేమో అందామా? అదే జట్టులో, అదే లైన్ వెనక డోనల్డ్ బ్రౌన్ సగటు 5.3. దారి ఉంది, ఆ దారిని చూసే కళ్లు లేవు. అన్నిసార్లూ లైన్‌దే తప్పంటే కుదరదు, అందుకే ఆ టిక్కుల లెక్క.

అప్పటి కౌబాయ్స్ రన్నర్ హెర్షెల్ వాకర్ సంగతి మా డాలస్‌లో చెప్పక్కర్లేదు. 1989లో మిన్నెసోటా వైకింగ్స్ అతని కోసం ఐదుగురు ఆటగాళ్లనీ, చివరికి మూడు మొదటి రౌండ్, మూడు రెండో రౌండ్ పిక్కులనీ, ఇంకా కొన్నిటినీ కౌబాయ్స్‌కి ఇచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లో 148 యార్డులు కొట్టేసరికి ఊరంతా పండగ చేసుకుంది. తరవాత మిన్నెసోటాలో ఒక్క సీజన్‌లోనూ వెయ్యి దాటలేదు. కౌబాయ్స్ ఆ పిక్కుల పునాది మీద మూడు సూపర్ బౌల్స్ గెలిచింది.

మూలపడ్డ రన్నర్

దీనికి అందరూ చెప్పే పేరు మార్షాన్ లించ్. 2010 అక్టోబర్‌లో సియాటిల్ సీహాక్స్ నాలుగో రౌండ్ పిక్కూ, ఆ తరవాతి ఏడాది ఇంకో చివరి రౌండ్ల పిక్కూ ఇచ్చి బఫలో నుంచి తెచ్చుకుంది. బఫలోలో అప్పటికి ముగ్గురు రన్నర్లు, ఇతను అదనం. మొదటి ఏడాది సియాటిల్‌లో అతని సగటు 3.5 మాత్రమే, అంటే ఆ డిసెంబర్‌లో అడిగితే దండగ ట్రేడ్ అనేవాళ్లు. జనవరిలో సెయింట్స్ జట్టు మీద, అందరూ చెప్పుకునే ఆ 67 యార్డుల పరుగు వచ్చింది. తరవాత నాలుగేళ్లూ ఏటా 1,200 దాటాడు.

ప్రతి మూలపడ్డ రన్నర్ లించ్ కాదు. మెక్‌కాఫ్రీ ట్రేడ్ జరిగిన కొన్ని రోజులకే న్యూయార్క్ జెట్స్ తమ రన్నర్ మోకాలు పోయిందని జాక్సన్‌విల్ నుంచి జేమ్స్ రాబిన్సన్‌ని తెచ్చింది. నాలుగు మ్యాచ్‌లాడాడు, 85 యార్డులు. అంతకుముందు డిసెంబర్‌లోనే అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగి కోలుకున్న కాలు అది. ఆరో రౌండ్ పిక్కే కదా, పోతే పోయింది అనుకోవాలి. అలా అనుకోగలిగితేనే ఈ దారిలో అడుగుపెట్టండి.

లైన్‌మన్: ఎవరూ జెర్సీ కొనని ట్రేడ్

నాకు బాగా నచ్చిన ఉదాహరణ లాస్ ఏంజెలెస్ రామ్స్, 2023. అంతకుముందు ఏడాది వాళ్ల పరుగు ఆట నీరసం. రన్నర్ కామ్ ఏకర్స్, 2020 రెండో రౌండ్ కుర్రాడు. మామూలు జట్టయితే ఇంకో రన్నర్‌ని వెతికేది. వీళ్లు ఆగస్టు చివర పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో మధ్య, చివరి రౌండ్ల పిక్కులు కొన్ని అటూ ఇటూ మార్చుకుని కెవిన్ డాట్సన్ అనే గార్డ్‌ని తెచ్చుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో కొత్త గార్డ్ రావడంతో అతని చోటు పోయింది. మరో గార్డ్ స్టీవ్ అవీలాని ఆ ఏప్రిల్‌లోనే రెండో రౌండ్‌లో తీసుకున్నారు. సెప్టెంబర్‌లో ఏకర్స్‌ని వైకింగ్స్‌కి దాదాపు ఊరికే ఇచ్చేశారు.

ఇక పరుగెత్తేదెవరు? ఐదో రౌండ్‌లో దొరికిన కైరెన్ విలియమ్స్. పన్నెండు మ్యాచ్‌లలో 1,144 యార్డులు. ట్రేడ్ రోజున డాట్సన్ పేరు విని ఒక్కడూ టీవీ సౌండ్ పెంచి ఉండడు.

ఇందులో ఇంకో కిటుకుంది. పక్కకి జారుతూ ఆడే వైడ్ జోన్ పద్ధతికి పేరున్న రామ్స్, ఆ ఏడాది ఎదురుగా ఇద్దరు కలిసి ఒకణ్ణి నెట్టుకుపోయే ఆటలు పెంచింది. డాట్సన్ బరువైన మనిషి, నెట్టడం అతని సొత్తు. అదే మనిషిని పక్కకి పరుగెత్తించే జట్టు కొంటే డబ్బు దండగ. కాబట్టి లైన్‌మన్‌ని కొనేముందు మీ కోచ్ ఏ పద్ధతి ఆడిస్తాడో చూడాలి. రన్నర్ కన్నా లైన్‌మన్ విషయంలోనే ఈ పొంతన ఎక్కువ ముఖ్యం.

బిల్లు తరవాత వస్తుందన్నాను కదా: 2024 మార్చిలో డాట్సన్‌కి మూడేళ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్లు. ట్రెంట్ విలియమ్స్ కూడా అంతే. 2020లో మూడో రౌండ్, ఐదో రౌండ్ పిక్కులకే వచ్చాడు, ఏడాది తిరిగేసరికి ఆరేళ్ల ఒప్పందం, 13 కోట్ల 80 లక్షలు. ట్రేడ్ చవక, నిలుపుకోవడం ఖరీదు.

ఇటీవలి ఉదాహరణ షికాగో బేర్స్. 2025 మార్చిలో కాన్సస్ సిటీ నుంచి జో తూనీని 2026 నాలుగో రౌండ్ పిక్కుకి, రామ్స్ నుంచి జోనా జాక్సన్‌ని ఆరో రౌండ్ పిక్కుకి తెచ్చింది. సెంటర్ డ్రూ డాల్మన్‌ని ఫ్రీ ఏజెన్సీలో (ఒప్పందం ముగిసినవాళ్ల మార్కెట్లో) కొంది. రన్నర్‌ని మాత్రం మార్చలేదు. 2024లో 3.8 సగటుతో 959 యార్డులు చేసిన డి'ఆండ్రే స్విఫ్ట్, 2025లో వెయ్యి దాటాడు. కొత్త కోచ్ బెన్ జాన్సన్ చలవ కూడా అందులో ఉంది, మొత్తం లైన్ ఖాతాలో వేయను.

ఆగడం

ఇది చెబితే మా సోఫాలో ఎవరూ ఒప్పుకోరు. 2024 వసంతంలో హెన్రీ రెండేళ్లకు కోటీ 60 లక్షల డాలర్లకి బాల్టిమోర్ వెళ్లాడు, పిక్కు ఒక్కటీ ఖర్చు కాలేదు. కౌబాయ్స్ అతని వైపు చూడలేదు, పాత రన్నర్ ఇజికీల్ ఎలియట్‌ని వెనక్కి తెచ్చుకుంది. అతని సగటు 3.1. ఆ ఏడాది మా ఇళ్లలో బజ్జీలు కూడా చేదెక్కాయి.

మరుసటి వసంతం అదే జట్టు తెలివిగా కదిలింది. డ్రాఫ్ట్‌లో పన్నెండో పిక్కుతో టైలర్ బుకర్ అనే గార్డ్‌ని తీసుకుంది. డెన్వర్‌లో మెరుపు తగ్గిందనిపించుకున్న జావంటే విలియమ్స్‌ని ఏడాదికి 30 లక్షల డాలర్లకి తెచ్చుకుంది. అతను 2025లో వెయ్యి యార్డులు తేలిగ్గా దాటాడు. ఇందులో ట్రేడ్ ఎక్కడుంది? లేదు. మొదటి పెద్ద ఖర్చు లైన్ మీద, రెండో చిన్న ఖర్చు రన్నర్ మీద. ఆ వరుస చూడండి.

మరి మీ జట్టుకి ఏది?

ఈ ఏడాదే గెలవగల జట్టు, లైన్ గట్టిది, రన్నర్ గాయపడ్డాడు: రెండో రౌండ్ పిక్కు ఇచ్చినా తప్పు లేదు. మొదటి రౌండ్ పిక్కు మాత్రం రన్నర్ కోసం ఎప్పుడూ వద్దు. ఇందులో నాకు సందేహం లేదు.

కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని పెంచుకుంటున్న జట్టయితే లైన్‌మన్. గార్డ్ పరుగుకీ పనికొస్తాడు, పాసింగ్‌లో కుర్రాడి పక్కటెముకలూ కాపాడతాడు. ఒక్క పిక్కుకి రెండు పనులు.

సగం సగం జట్టు, గెలుపోటములు సమానంగా ఉన్నది, అన్నిటికన్నా ప్రమాదంలో పడేది. గడువు దగ్గర పడేసరికి యజమానికి టెన్షన్, అభిమానులకి ఆవేశం. అప్పుడు చివరి రౌండ్ పిక్కుకి ఒక మూలపడ్డ రన్నర్‌ని తెచ్చుకుని సరిపెట్టుకోవాలి, అంతకు మించి కదలకూడదు. ఓడుతున్న జట్టు కొననే కూడదు, తన రన్నర్‌ని అమ్మాలి. కరోలినా చేసింది అదే.

ఆఫీసు ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్ల అంకెలతో కాగితం జట్లు కట్టుకునే ఆట) ఆడేవాళ్లకి ఒక్క మాట. అక్కడ మీరు గార్డ్‌ని కొనలేరు, కానీ గార్డ్ వార్త చదవొచ్చు. గాయపడ్డ సెంటరో, టాకిలో రెండు వారాల్లో తిరిగొస్తున్న జట్టు రన్నర్‌ని ఇప్పుడే అడగండి, అతన్ని పెట్టుకున్న మీ లీగ్ మనిషి విసిగిపోయి ఉంటాడు. లైన్‌లో ఇద్దరు గాయాలతో కూర్చున్న జట్టు రన్నర్‌ని పేరు చూసి కొనకండి. నేను కొన్నాను. ఇద్దరు మంచి రిసీవర్లని ఇచ్చి మరీ తెచ్చుకున్నాను. ఆ గురువారమే అతని ఎడమ టాకిల్ సీజన్‌కి దూరమని వార్త. మా లీగ్‌లో ఆఖరున నిలిచినవాడు అందరికీ బిర్యానీ పెట్టాలి. పద్నాలుగు మంది వచ్చారు, పిల్లలు కాక.